ముప్పై తొమ్మిది గుల్లలు

రోడెరిక్ స్ప్రాట్ నా భార్యను చంపాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

మూడేళ్ళ కిందట ఆగస్టులో, ఉదయం ఆరున్నరకి, మోయ్రా వంటింట్లో తల పట్టుకుని కూలిపోయింది. మా ఇంటి నుంచి ఆసుపత్రికి స్ప్రాట్ భూమిలోంచి వెళ్తే పదిహేడు నిమిషాలు. వంతెన మీదుగా చుట్టు తిరిగితే ముప్పై ఎనిమిది. నలభై ఏళ్ళుగా ఊరంతా నడిచిన దారి అది. ఆ వారమే స్ప్రాట్ గేటుకి తాళం వేశాడు. నేను హారన్ కొట్టాను. గేటును తన్నాను. బండి వెనక్కి తిప్పాను. వంతెన చేరకముందే ఆమె పోయింది.

ఇప్పుడు స్ప్రాట్ కూడా పోయాడు. మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి, తన గొర్రెల దొడ్డి ముందు, ఛాతీలో ఒకే ఒక్క తూటా. అక్కడికి నూట ఎనభై గజాల దూరంలో రాతిగోడ. గోడ వెనక గడ్డి దుబ్బులో, తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గుల్ల ఒకటి దొరికింది. త్రీ నాట్ త్రీ రైఫిల్‌ది.

గ్లెన్‌కర్ పోలీసు స్టేషన్‌కి సార్జెంటుని నేను. డూగల్ స్ట్రోనాక్. కేసు మాత్రం నాది కాదు, డునెడిన్ నుంచి వచ్చిన డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ గెరార్డ్ పాస్క్‌ది. “చచ్చినవాడంటే నీకు గిట్టదని ఊరంతటికీ తెలుసు. నువ్వు టీ పెట్టి ఇవ్వు, చాలు” అన్నాడు మొదటి రోజే. గురువారం సాయంత్రం ట్యామ్ హెరియట్‌ని పట్టుకొచ్చి నా స్టేషన్‌లో, నా సెల్లులోనే పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి హత్యానేరం మోపి డునెడిన్ తీసుకుపోతానన్నాడు.

ట్యామ్ కుందేళ్ళు కొట్టి బతికే మనిషి. అరవై ఆరేళ్ళు. గుండెకి మాత్రలు వేసుకుంటాడు. స్ప్రాట్ చల్లిన విషం తిని అతని కుక్కలు రెండు చచ్చాయి. “నిన్ను కూడా అలాగే చూస్తానురా” అని సంతలో పదిమంది ముందు అన్నాడు. మంగళవారం ఏడూ నలభైకి అతని బండి వంతెన మీద కనిపించింది. అన్నిటికీ మించి, దొరికిన గుల్ల అంచు మీద ఆకురాయితో గీసిన ఒక గాటు ఉంది. మా ఊళ్ళో త్రీ నాట్ త్రీ కాల్చేవాళ్ళు ఎవరి గుల్లలకి వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. గాటును పైకి ఉంచి తూటా ఎక్కిస్తారు, ప్రతిసారీ ఒకే తీరున కూర్చోవాలని. ఒకే గాటు ట్యామ్‌ది. ఆ సంగతి ఊరి రైఫిల్ క్లబ్బులో అందరికీ తెలుసు. పాస్క్‌కి కూడా ఎవరో చెప్పారు.

పాస్క్ అక్కడితో ఆగాడు. నేను ఆగలేదు.

శుక్రవారం ఉదయం అతను స్ప్రాట్ ఇంటికి వెళ్ళగానే బీరువా తీశాను. గుల్ల ఉన్న సాక్ష్యం కవరు మీద నా సంతకం చేసి, టైము వేశాను. తొమ్మిదీ నలభై. గుల్లను బల్ల మీద పెట్టి మైక్రోమీటర్‌తో అడుగుభాగం కొలిచాను. పదకొండు పాయింట్ ఏడు ఒకటి మిల్లీమీటర్లు. ట్యామ్ ఇంట్లో సోదా చేసి తెచ్చిన డబ్బాలోంచి అతని గుల్లలు అయిదు తీసి కొలిచాను. అయిదూ పదకొండు పాయింట్ అయిదు ఆరు.

కొలత మళ్ళీ తీశాను. మారలేదు.

ఈ పని నాకు మోయ్రా నేర్పింది. జిల్లా పోటీల్లో కాల్చేది ఆమె. పక్కన కూర్చుని గుల్లలు కొలిచేవాణ్ణి నేను. తూటా పేలినప్పుడు మెత్తటి ఇత్తడి ఉబ్బి, ఆ రైఫిల్లో తూటా కూర్చునే ఛాంబరు ఎంత ఉంటే అంతకీ అచ్చులా అతుక్కుంటుంది. మళ్ళీ మందు నింపాలంటే దాన్ని డై అనే ఉక్కు అచ్చులో దూర్చి ప్రెస్సుతో నొక్కి సన్నం చెయ్యాలి. పాత యుద్ధకాలపు త్రీ నాట్ త్రీల ఛాంబర్లు వదులు. గుల్లనంతా నొక్కుతూ పోతే నాలుగైదు సార్లకే అడుగు చిట్లి ఊడిపోతుంది. ఆ ఇత్తడి ఇప్పుడు కొందామన్నా దొరకదు. అందుకని మావాళ్ళు మెడ ఒక్కటే నొక్కి, ఒళ్ళు ముట్టుకోరు. ఏ రైఫిల్ గుల్ల ఆ రైఫిల్ పొట్టతోనే ఉండిపోతుంది.

ట్యామ్ తన రైఫిల్‌కి కొత్త గొట్టం వేయించాడు. బిగుతు ఛాంబరు. బల్ల మీది గుల్లది అంతకంటే పెద్ద పొట్ట.

సెల్లు తలుపు తీశాను.

“వచ్చావా డూగీ” అన్నాడు ట్యామ్. “నీ దుప్పటి గొర్రె కంపు కొడుతోందయ్యా.”

“గొర్రెదే. ట్యామ్, నీ గాటు ఉన్న గుల్లలు ఎవరికిచ్చావు?”

“ఎవరికీ ఇవ్వలేదు.”

“గోడ దగ్గర దొరికింది నీ రైఫిల్లో పేలలేదు. పొట్ట లావు.”

అతను తలెత్తి చూశాడు. సంతోషించాలి. సంతోషించలేదు.

“ఆ సంగతి ఆ డునెడిన్ దొరకి చెప్పావా?”

“ఇంకా లేదు.”

“చెప్పకు.”

“రెండింటికి నిన్ను తీసుకుపోతారు. ఈ గుండెతో అక్కడ ఎన్నాళ్ళుంటావు?”

“అది గుండెని అడగాలి.”

“ఎవరికిచ్చావు?”

“ఎక్కడో పోయాయి. క్లబ్బులో పడుంటాయి, ఎవడో ఏరుకునుంటాడు.”

“ట్యామ్ హెరియట్ ఇత్తడి పారేసుకున్నాడా? పోటీ మధ్యలో మోకాళ్ళ మీద పాకి ఏరుకునే మనిషివి నువ్వు.”

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నలభై ఏళ్ళ పరిచయంలో ట్యామ్ నా వైపు వీపు పెట్టడం అదే మొదటిసారి. భయపడ్డవాళ్ళు మాట్లాడతారు. ఎవరినో కాపాడేవాళ్ళు గోడవైపు తిరుగుతారు.

పదీ పదిహేనుకి మా అత్తగారు వచ్చింది. ఎఫీ లామండ్, మోయ్రా తల్లి. డెబ్భై మూడేళ్ళు. క్లబ్బు గోడ మీది విజేతల పట్టికలో ఆమె పేరు ఆరు చోట్ల ఉంది. చేతిలో చీజ్ రోల్స్ పళ్ళెం, మీద గుడ్డ కప్పి ఉంది.

“లోపలున్న మొండివాడికి తిండి పెట్టావా?”

“రాత్రి మాంసం కూరిన రొట్టె ఇచ్చాను.”

“మీ స్టేషన్ రొట్టె తింటే గుండెజబ్బు లేనివాడికీ వస్తుంది. ఇవి వేడిగా పెట్టు.” పళ్ళెం దించుతూ బల్ల మీది మైక్రోమీటర్ చూసింది. “ఏం కొలుస్తున్నావు?”

“మీకు తెలియందా అత్తయ్యా.”

“ఎంతొచ్చింది?”

చెప్పాను. చెప్పకూడదు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆవిడ బల్ల దగ్గర భోంచేస్తున్నాను. ఆవిడతో మాట దాచే అలవాటు లేదనుకునేవాణ్ణి.

“ట్యామ్‌ది?”

“పదకొండు అయిదు ఆరు.”

“అయితే వాడు బయటపడ్డట్టే.”

“పాస్క్ ఒప్పుకోడు. అసలు రైఫిల్ దొరకాలి. అది దొరక్కపోతే, అదే రైఫిల్లో పేలిన మరో గుల్లయినా దొరకాలి. రెండూ పక్కపక్కన పెడితే చాలు.”

“మరో గుల్ల” అంది ఎఫీ.

“అవును.”

తలగుడ్డ ముడి బిగించుకుంది. బిగిసే ఉన్న ముడిని మళ్ళీ బిగించింది. “కారు బయట చలిలో ఉంది, ఇంజను గడ్డకట్టుకుపోతుంది” అని వెళ్ళిపోయింది. తినేదాకా నిలబడి, ఖాళీ పళ్ళెం కడిగించి తీసుకుపోయే మనిషి. ఆ రోజు పళ్ళెం వదిలేసి వెళ్ళింది. పది నిమిషాలకి ఏ ఇంజనూ గడ్డకట్టదు. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

పదకొండూ ఇరవైకి పాస్క్ వచ్చాడు. సన్నటి మనిషి. బూటు మీద మంచు పడినా జేబురుమాలుతో తుడుచుకుంటాడు. కవరు విప్పి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ఎవడి అనుమతితో ముట్టుకున్నావు?”

“మీ సంతకం కింద నా సంతకం ఉంది సర్. టైము కూడా ఉంది.”

“సంతకం పెడితే దొంగతనం కాకుండా పోతుందా?”

“ఒక్క నిమిషం. ఆ మూలనున్నది ట్యామ్ రైఫిల్. బోల్టు తియ్యండి. ఈ గుల్ల అందులో పెట్టి మూయండి. నేను ముట్టుకోను. మీరే చెయ్యండి.”

అతనికి నవ్వు వచ్చింది. చేతికి తొడుగు వేసుకుని గుల్లను ఛాంబర్లో పెట్టాడు. బోల్టు తోశాడు. అది మూడొంతులు వెళ్ళి ఆగింది. బొటనవేలి మందం బయట ఉండిపోయింది. అరచేత్తో నెట్టాడు. కదల్లేదు.

“ఇంకా గట్టిగా తోస్తే నలుగుతుంది సర్. ఇప్పుడు ట్యామ్ డబ్బాలోది పెట్టండి.”

పెట్టాడు. బోల్టు ఒక్క వేలితో మూసుకుంది.

అతను రెండు గుల్లలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు, “తూటాగా ఉన్నప్పుడు సన్నగానే ఉండుంటుంది. డైలో నొక్కి నింపాడు. ఈ రైఫిల్లోనే కాల్చాడు. తర్వాత ఉబ్బింది.”

“ఉబ్బేది ఛాంబరు గోడ దాకానే సర్. గ్లాసులో పోసిన నీళ్ళు గ్లాసుకంటే లావు కావు. ఈ గుల్ల చివరిసారి ఇంతకంటే వదులు ఛాంబర్లో పేలింది.”

“అయితే వాడికి రెండో రైఫిల్ ఉంది.”

“లైసెన్సులో లేదు.”

“చంపబోయేవాడు లైసెన్సు చూపించి చంపుతాడా?”

పాస్క్ తెలివితక్కువవాడు కాదు. నాకు అతనంటే గిట్టదు, అంతే.

అతను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

“సరే స్ట్రోనాక్. ట్యామ్ కాదనుకుందాం. మంగళవారం ఏడూ ఇరవైకి నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే.”

“ఎవరు చూశారు?”

“ఎవరూ చూడలేదు.”

“మీ ఆవిడకి త్రీ నాట్ త్రీ ఉండేది. పోటీలకి తీసుకెళ్ళేదట. అదేది?”

“మా ఇంట్లో లేదు.”

“నేనడిగింది అది కాదు.”

చెప్పే ముందు చూడాలి.

“రెండింటికి ట్యామ్ మీద కేసు రాస్తాను” అన్నాడు లేస్తూ. “వాణ్ణి వదిలెయ్యమంటే నాలుగింటికి నీ మీద రాస్తాను. స్ప్రాట్‌ని చంపడానికి ఈ జిల్లాలో నీకున్నంత కారణం ఇంకెవడికీ లేదు. తాగినా తాగకపోయినా నువ్వు చెప్పేది ఆ గేటు కథ ఒక్కటేనట కదా. నాకు ఇద్దరిలో ఒకడు చాలు. నువ్వే తేల్చుకో.”

అతను లోపలి గదిలో ఫోను దగ్గరికి వెళ్ళాడు. నేను మళ్ళీ సెల్లు దగ్గరికి వెళ్ళాను. ట్యామ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బోల్టు చప్పుడు విన్నాడు.

“మూసుకోలేదు కదూ?”

“మూసుకోలేదు. ఇప్పుడు నన్ను పట్టుకుంటానంటున్నాడు.”

“నిన్నా?” నిజంగా ఆశ్చర్యపోయాడు. “నువ్వు తన్నింది ఆ గేటు ఒక్కటే కదరా, జీవితం మొత్తానికి.”

“గుల్లలు ఎవరికిచ్చావు ట్యామ్?”

చాలాసేపు చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో పాత కుందేలు నెత్తురు ఎప్పుడూ పోదు.

“మోయ్రాకి” అన్నాడు. “పోయే ముందు చలికాలం. ఆమె దగ్గర ఇత్తడి అయిపోయింది. నలభై ఇచ్చాను. నా గాటు చెరపనంది, అచ్చొస్తుందని. ఇంక నన్ను ఏమీ అడగకు. ఆ రెండింటి బండి ఎక్కించెయ్యి. క్రిస్మస్ దాకా ఉంటానన్న నమ్మకం ఎలాగూ లేదు.”

మోయ్రా పోయిన వారానికి ఆమె రైఫిల్, ప్రెస్సు, డైలు, గుల్లల డబ్బా, అన్నీ బండిలో వేసి ఒక్క ఇంటికే ఇచ్చాను. వాటి వైపు చూడలేక.

పన్నెండున్నరకి స్టేషన్ నుంచి బయల్దేరాను. ఆ ఇల్లు పదకొండు నిమిషాల దూరం. స్ప్రాట్ రాతిగోడకి ఆ ఇంటి పెరటి నుంచి నడిస్తే ఆరు నిమిషాలు. ఇన్నాళ్ళూ ఆ ఆరు నిమిషాలు నేను లెక్కపెట్టలేదు.

పన్నెండూ నలభై ఒకటికి ఎఫీ పెరట్లో బండి ఆపాను. షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల ఇనుము మీద ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు. నేను తట్టలేదు.

ఎఫీ ప్రెస్సు పిడి పట్టుకుని వేలాడుతోంది. చెప్పులు నేల విడిచాయి. బరువంతా వేసి లాగుతోంది, పిడి రావడం లేదు. బల్ల మీద గొర్రె ఉన్ని జిడ్డు డబ్బా మూత తీసి ఉంది. పక్కన చిల్లుల చెక్క. దాని ఎడమవైపు గుల్లలు జిడ్డుతో మెరుస్తున్నాయి. కుడివైపువి పొడిగా, మసితో ఉన్నాయి. అన్నిటి అంచు మీదా ఒకే గాటు.

“అలా నిలబడకపోతే ఆ రెంచీ అందుకోవచ్చు కదా” అంది వెనక్కి చూడకుండా.

“ఏమైంది?”

“ఇరుక్కుంది.”

జిడ్డు చాలకపోతే గుల్ల డైలో బిగుసుకుంటుంది. కొత్తవాళ్ళకి ప్రతి నెలా అవుతుంది. ఎఫీ లామండ్‌కి యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా కాలేదు. మోయ్రా ఆ మాట గర్వంగా చెప్పేది.

రెంచీ ముట్టుకోలేదు. లెక్కపెట్టాను. నొక్కినవి ముప్పై ఒకటి. డైలో ఒకటి. ఇంకా నొక్కనివి ఏడు. ముప్పై తొమ్మిది. నలభైలో ఒకటి పాస్క్ కవర్లో ఉంది.

ఇవన్నీ మెడ మాత్రమే నొక్కి దాచుకున్నవి. పొద్దుటిదాకా ఒళ్ళు ముట్టుకోలేదు. ఇప్పుడు ప్రెస్సులో బిగించి ఉన్నది మెడ డై కాదు. గుల్లనంతా నొక్కేది. ఈ ఊళ్ళో ఎవరూ వాడనిది. అందులోంచి వచ్చిన గుల్లకి ఏ రైఫిల్ పొట్టా ఉండదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

జేబులోంచి మైక్రోమీటర్ తీశాను. పొడిగుల్లల్లో ఒకటి తీసి కొలిచాను. పదకొండు పాయింట్ ఏడు ఒకటి. రెండోది ఏడు ఒకటి. మూడోది ఏడు సున్నా. నాలుగోది కొలవలేదు.

“రైఫిల్ ఏది అత్తయ్యా?”

ఎఫీ పిడి వదిలి స్టూలు మీద కూర్చుంది. “పూర్వం బంగారం తవ్విన నీటిగుంటలో. మంగళవారమే వేశాను. మంచు పలక పగలగొట్టి మరీ వేశాను. ఎంత లోతో నాకే తెలీదు.”

“రైఫిల్ పారేసినవాళ్ళు ఇవెందుకు పారెయ్యలేదు?”

నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. “ఇత్తడిని పారేస్తారా ఎవరైనా? అదీ మోయ్రా చేతి ఇత్తడి.”

అందుకే దొరికింది. రైఫిల్ పారెయ్యగలిగింది. ముప్పై తొమ్మిది ఖాళీ గుల్లలు పారెయ్యలేకపోయింది. పక్కనే గుంట ఉంది, గుప్పెడు విసిరితే సరిపోయేది. పాస్క్ జీవితమంతా వెతికినా దొరికేవి కావు. ఆ బదులు పొద్దున్న నా నోటి మాట విని, ఇంటికొచ్చి, ఒక్కొక్కదాన్ని మళ్ళీ వాడుకునేలా నొక్కుతూ కూర్చుంది.

“అక్కడ ఆ ఒక్కటి ఎలా వదిలారు?”

“కాల్చగానే బోల్టు లాగాను. పోటీలో లాగినట్టు. చెయ్యి దానంతటదే లాగింది. అది ఎగిరి దుబ్బులో పడింది. పది నిమిషాలు వెతికాను. ఈ మోకాళ్ళతో, ఈ కళ్ళతో. ఇంతలో దొడ్డి దగ్గర అరుపులు మొదలయ్యాయి.”

“ట్యామ్‌ని పట్టుకుంటే ఊరుకున్నారు.”

“వాడి రైఫిల్లో ఆ గుల్ల దూరదని నాకు తెలుసు. నువ్వు కొలుస్తావని కూడా తెలుసు. వాణ్ణి వదిలేస్తారు, ఇంక ముందుకి దారి ఉండదు అనుకున్నాను. వాడు నోరు విప్పాడా?”

“మోయ్రాకిచ్చానన్నాడు. మీ పేరు ఎత్తలేదు.”

“పిచ్చి వెధవ” అంది. కళ్ళు తుడుచుకుంది. మొహానికి జిడ్డు అంటింది.

గోడ గడియారంలో ఒంటిగంటా అయిదు. ఫోను వంటింట్లో ఉంది. నేను కదల్లేదు. ఇప్పటికీ అడుగుతారు నన్ను, ఎందుకు కదల్లేదని. ఈ ఏడు గుల్లలు డైలో దూరిస్తే పదిహేను నిమిషాల పని. ఇరుక్కున్నదాన్ని తీసే పద్ధతి నాకు తెలుసు. అడుగున రంధ్రం చేసి మర బిగించి లాగాలి. ఆ పనిముట్లు కూడా బల్ల మీదే ఉన్నాయి. తర్వాత రెండింటికి ట్యామ్ వెళ్తాడు, లేకపోతే నాలుగింటికి నేను వెళ్తాను. ఈవిడ ఆదివారం ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంటుంది.

“నిన్నటిదాకా నాకేం బాధ లేదు డూగల్” అంది ఎఫీ. “మూడేళ్ళు వాడు నా కూతుర్ని చంపాడనే అనుకున్నాను. ప్రతి ఆదివారం నువ్వు నా బల్ల దగ్గర కూర్చుని అదే చెప్పావు. పదిహేడు నిమిషాలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. నువ్వు చెప్తావు, కోటు వేసుకుంటావు, ఇంటికి పోతావు. నేను అంట్లు తోముకుంటూ ఉండిపోతాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా.”

“నిన్నేమైంది?”

“రక్తపోటు మాత్రలకని డాక్టర్ మెన్‌జీస్ దగ్గరికి వెళ్ళాను. స్ప్రాట్ మాట వచ్చింది. గేటు తీసి ఉంటే పిల్ల బతికేది అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. ‘లేదు ఎఫీ. తల్లో నరం తెగింది. మొదటి అయిదు నిమిషాల్లోనే అంతా అయిపోయింది. ఆసుపత్రి గుమ్మంలో పడినా బతికేది కాదు’ అన్నాడు.”

నేను మైక్రోమీటర్ మూశాను.

“ఆ మాట అప్పుడే నీతో చెప్పాడట. అంత్యక్రియల ముందు రోజు. ఆయన గదిలో కూర్చోబెట్టి. నిజమేనా?”

అబద్ధం చెప్పడానికి వీలుంది. షెడ్డులో మేమిద్దరమే.

“చెప్పాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నేను నమ్మలేదు.”

“నువ్వు నమ్మకపోతే నమ్మకపో. నాకు చెప్పాలి కదా. నేను తల్లిని. నమ్మాలో వద్దో నేను చూసుకునేదాన్ని.”

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. స్టూలు మీద కూర్చుని, జిడ్డు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూసి అడిగింది. జవాబు కోసం ఎదురుచూసింది. నా దగ్గర ఉన్నది ఏడు గుల్లలు. వాటిని కాగితంలో చుట్టి, మీద లెక్క రాసి, టైము వేశాను. ఒంటిగంటా పద్దెనిమిది.

వంటింట్లోకి వెళ్ళి ఫోను తీశాను.

“పాస్క్.”

“స్ట్రోనాక్‌ని సర్. ఎఫీ లామండ్ ఇంటికి రండి. ఆ గుల్లకి జత దొరికింది. ట్యామ్‌ని వదిలెయ్యండి.”

“ఎవరిది?”

“వచ్చి చూడండి.”

తిరిగి వచ్చేసరికి ఎఫీ బల్ల శుభ్రం చేస్తోంది. జిడ్డు డబ్బా మూత పెట్టింది. నొక్కిన ముప్పై ఒకటీ గుడ్డతో తుడిచి వరసగా పేర్చింది. “ట్యామ్ సాయంత్రం మాత్రలు ఆరింటికి” అంది. “మర్చిపోతాడు. నువ్వు గుర్తు చెయ్యి.” ఇరుక్కున్న గుల్ల మాత్రం ప్రెస్సులో అలాగే ఉంది.

ఒంటిగంటా యాభై రెండుకి పాస్క్ వచ్చాడు. మైక్రోమీటర్ నేనే అతని చేతిలో పెట్టాను. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ప్రెస్సునీ, ఎఫీనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి అతని నోటి నుంచి వెటకారం రాలేదు.

“ఎందుకమ్మా?” అన్నాడు.

ఎఫీ కోటు గుండీలు పెట్టుకుంటోంది. “మా అల్లుణ్ణి అడగండి. అతనికి బాగా తెలుసు. మూడేళ్ళుగా చెబుతున్నాడు.”

పాస్క్ పుస్తకం తెరిచి నా వైపు తిరిగాడు. పెన్ను ఎత్తి ఉంచాడు. నేను ఏడు గుల్లల్నీ మళ్ళీ కాగితంలో చుట్టాను. ఒక నిమిషం చూశాడు. తర్వాత పుస్తకం మూసి, ఎఫీ మోచేతి కింద చెయ్యి వేసి, మెట్లు జాగ్రత్త అని చెబుతూ కారు దాకా నడిపించాడు.

కోర్టు గుల్లల గురించి అడిగితే చెబుతాను. పొట్ట ఎంతో, భుజం ఎక్కడో, ఏ డైలో నొక్కితే ఏమవుతుందో, అన్నీ చెబుతాను. టైములు చెబుతాను. స్ప్రాట్ గేటు గురించి అడిగితే మాత్రం చెప్పను. జడ్జి అడిగినా చెప్పను. ట్యామ్ అడిగినా, ఎఫీ మళ్ళీ అడిగినా చెప్పను. స్ప్రాట్ నా భార్యను చంపాడని మొదటి వాక్యంలో రాసింది రాసినట్టే ఉంటుంది. దాన్ని నా నోటితో ఇంకెప్పుడూ అనను.